ఉప్పుకోటకు తేగల మూట

చదివేవారికి ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చింది అరవయ్యో ఏట, చర్చి వెనక రేకుల షెడ్డులో సాయంత్రం బడికి వెళ్లి. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. శ ఎక్కడ రాయాలో, ష ఎక్కడ రాయాలో నా చేతికి ఇంకా తెలియదు. నలభై ఏళ్లు లేసు అల్లిన వేళ్లు, పెన్ను పట్టుకున్నా ముడి వేసినంత నెమ్మదిగానే కదులుతాయి. ఈ ఒక్క ప్రకరణానికి రెండు నెలలు పట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. చదవడం మాత్రం ఆపకండి, దొర్కమ్మ పడవ ఇప్పటికే నడి ఏట్లో ఉంది.

ఏడవ ప్రకరణం

ఆదివారం పొద్దు పొడిచేసరికి దొర్కమ్మ పడవ నీలవేణి నది సముద్రంలో కలిసే చోటికి చేరింది. అక్కడ నీళ్లు రెండు రంగులు. ఏటి నీరు పసుపు కలిపినట్టు, సముద్రపు నీరు నెమలి మెడలా ఉంటాయి. రెండూ కలిసే గీత మీద ఎండ పడి, పట్టుచీరకు జరీ అంచు కుట్టినట్టు మెరుస్తోంది. ఆ అంచుకు అవతల, ఉప్పు పేరుకుని పాలరాయిలా తెల్లబడ్డ గోడలతో, నాలుగు బురుజులతో, కిటికీ అన్నది లేకుండా నిలబడి ఉంది ఉప్పుకోట. మణికంకణ రాజ్యంలో అంత అందమైన కట్టడం ఇంకొకటి లేదు. అంత ఏడుపు దాచుకున్నదీ లేదు.

ఆ కోటలోనే ఏడేళ్లుగా ఆమె భర్త ఆమోసు ఉన్నాడు. రేపు పౌర్ణమి. రేపటి పోటుకు సముద్రపు తలుపు ఎత్తి, లోపలి ఖైదీలందరినీ నీళ్లపాలు చెయ్యమని రాజాజ్ఞ వచ్చింది.

అందుకే దొర్కమ్మ తలకు ముసుగు వేసుకుని, తట్ట నిండా కాల్చిన తేగలు పెట్టుకుని, అమ్ముకునే మనిషి వేషంలో బయల్దేరింది. తట్ట అడుగున విడిగా ఒక చిన్న మూట ఉంది. అది అమ్మడానికి కాదు. ఆమోసుకు తేగలంటే ప్రాణం. తేగను నిలువునా చీల్చి, మధ్యలో తెల్లగా సన్నగా ఉండే చందమామను మాత్రం తను తినేవాడు కాదు. మాట్లాడకుండా దొర్కమ్మ అరచేతిలో పెట్టేవాడు. పెళ్లయిన పదకొండేళ్లూ అంతే. ఈ ఏడేళ్లలో తేగ చీల్చినప్పుడల్లా ఆమె చందమామను పక్కన పెట్టి, కాసేపు చూసి, ఏట్లో వదిలేది.

దొర్కమ్మది దీపాలలంక. అక్కడివాళ్లు క్రీస్తును నమ్మినవాళ్లు, పడవలు కట్టి బతికేవాళ్లు. రాజుకు పన్ను కట్టేవారు, రాజు సైన్యాన్ని ఏరు దాటించేవారు. మాటిస్తే తప్పేవారు కాదు. వెనకటి వరదలో లంక అంతా మునిగినప్పుడు ముసలి రాణి పడవల నిండా బియ్యం పంపించి వాళ్లను బతికించింది. బదులుగా ఏం చెయ్యమంటారని పెద్దలు అడిగితే, నాకేమీ వద్దు, నా కొడుకు కోసం మీ దేవుణ్ణి అడగండి, నేను పెట్టిన పేరుతోనే అడగండి అంది. ఆమెకు నలుగురు బిడ్డలు పురిట్లోనే పోయారు. అయిదో బిడ్డ పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి, కుడి ముక్కు కుట్టించి, చావు కూడా అసహ్యపడి వదిలేసేలా పెంటయ్య అని పేరు పెట్టుకుంది. ఆ బిడ్డ బతికాడు, రాజయ్యాడు. దీపాలలంక జనం ప్రతి ఆదివారం ఆ పేరుతోనే అతని మేలు కోరుతూ వచ్చారు.

రాణి పోయాక కాలదంతుడనే మాంత్రికుడు కొలువులో చేరాడు. ఆ పేరు నీకు తలవంపులని రాజు చెవిలో రోజూ ఊదాడు. రాజు తనకు సర్వలోకేశ్వరుడని బిరుదు పెట్టుకున్నాడు. అందరూ ఆ బిరుదుతోనే జయం పలకాలన్నాడు. పాత పేరు నోట వచ్చినవాడికి ఉప్పుకోటే గతి అన్నాడు. లంకవాళ్లు తల వంచుతామన్నారు, వెయ్యేళ్లు బతకమంటామన్నారు. సర్వలోకాలకూ ప్రభువన్న పిలుపు మాత్రం ఒక్కడికే ఇచ్చుకున్నాం, ఇంకొకరికి ఇవ్వలేమన్నారు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. తమ ప్రార్థన ఒక్కసారి వింటే రాజుకు కోపం తగ్గుతుందని అమాయకంగా నమ్మి, రాజదూతను ఆదివారం పిలిచి, ముందు వరసలో కొత్త చాప వేసి కూర్చోబెట్టారు. ఆ రోజు ప్రార్థన చెప్పిన వాడు ఆమోసు. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, నిండు గొంతుతో, మా రాజు పెంటయ్యను చల్లగా చూడు తండ్రీ అన్నాడు. కళ్లు తెరిచేసరికి చేతులకు సంకెళ్లున్నాయి.

ఆ రోజు నుంచి ప్రార్థనలో రాజు మాట వచ్చిన చోట దొర్కమ్మ పెదవులు బిగపట్టేది. పక్కన కూర్చున్నవాళ్లెవరూ గమనించలేదు. పైవాడు గమనించే ఉంటాడని ఆమెకు తెలుసు.

ఇప్పుడు ఆమె పడవలో ఇంకో ఇద్దరున్నారు. చుక్కాని మీద కూర్చున్న గోరువంక ఒకప్పుడు అంతఃపురంలో నీళ్లందించే మందార అనే దాసి. ఆమోసు ఖైదయ్యాక కొన్నాళ్లకు కాలదంతుడు అసలు రాజు రూపం దొంగిలించి తానే సింహాసనం ఎక్కిన రోజున, ఆ తంతు కళ్లారా చూసినందుకు ఆమెను పక్షిని చేశాడు. రెక్కలొచ్చినా పెత్తనం పోలేదు. రెండోవాడు నాలుగు రోజుల కింద ఏట్లో కొట్టుకుపోతుంటే దొర్కమ్మ జుట్టు పట్టి లాగిన పిచ్చివాడు. ఒళ్లంతా బురద, పేరడిగితే తెలియదు. నాలుగు రోజులుగా రెప్ప వాల్చలేదు. దొర్కమ్మ దారిలో ఏదో ఒక రేవులో దింపేద్దామనుకుంటూనే ఇంతదూరం తెచ్చింది.

పిచ్చివాడికి దాహం వేసింది. దొర్కమ్మ కొబ్బరిచిప్పతో మంచినీళ్లు ముంచింది. అతను ఆమె వైపు చూడలేదు. ఎటో చూస్తూ, చెయ్యి పక్కకు చాచి, అరచెయ్యి కొద్దిగా వంచి, అలాగే ఉండిపోయాడు.

చుక్కాని మీద గోరువంక గొంతు మారిపోయింది. "అమ్మాయ్, ఆ చిప్ప ఇవ్వకు, కాసేపు ఆగు."

"ఏమైంది మందారత్తా?"

"ముప్పై ఏళ్లు ఆ చేతిలో గిన్నె పెట్టాను. పెట్టింది ఎవరో ఒక్కనాడూ తిరిగి చూసిన పాపాన పోలేదు. ముక్కు కడుగు వాడికి. కుడివైపు."

దొర్కమ్మ నీళ్లు చల్లి బురద తుడిచింది. కుడి ముక్కుకు పాతకాలపు కుట్టు, పూడుకుపోయి, నువ్వుగింజంత మచ్చగా మిగిలి ఉంది. ఆమె చిప్ప పక్కన పెట్టేసింది.

ఆలోచించుకునే వ్యవధి దొరకలేదు. తూర్పున రేకుల మీద వడగళ్లు పడ్డట్టు చప్పుడైంది. మూడు రాగి గద్దలు, ఒక్కొక్కటి దూడంత, గాజు కళ్లు తిప్పుకుంటూ నీటి మీదికి దిగుతున్నాయి. కాలదంతుడి వేగులవి. రాజు చచ్చిపోతే దొంగిలించిన రూపం కరిగిపోతుంది, అందుకని అతను బతికుండాలి, తానెవరో తెలియకుండా ఉండాలి. చెరనుంచి తప్పించుకున్న ఆ మనిషిని వెనక్కి ఎత్తుకుపోవడానికి వచ్చాయి.

దొర్కమ్మ తడి వల తీసి అతని మీద కప్పింది. పడవను సూటిగా కోట ముందు వరసగా తిరిగే ఏడుసుడుల మీదికి తోసింది. సుడికి ఎదురీదినవాడు మునుగుతాడు. దాని అంచు పట్టుకుంటే అదే పక్క సుడిలోకి విసిరేస్తుంది, ఆ సంగతి లంకలో పుట్టినవాళ్ల ఒంటికే తెలుసు. మొదటి సుడి పడవను రెండోదానికి అందించింది, రెండోది మూడోదానికి. ఒక గద్ద వల మీదికి దూకి గోళ్లు చిక్కుకుని, వలతో సహా, రాగి బరువుకు సుడిలో గిరగిరా తిరిగి అడుగుకు పోయింది. రెండోది పిచ్చివాడి భుజాలు పట్టి పైకి లేపింది. అతని కాళ్లు పడవను వదిలాయి.

దొర్కమ్మ ఒక కాలు పట్టుకుంది. వదిలేస్తే ఏడేళ్ల కోపం తీరిపోయేది. ఆ మాట ఆమె మనసులోకి వచ్చింది కూడా. కానీ అవి పడవ నడిపే చేతులు, మునిగేవాణ్ణి పట్టుకోవడమే తప్ప వదలడం వాటికి రాదు. రెండో చేత్తో తెడ్డెత్తి గద్ద రెక్క మీద కొట్టింది, తెడ్డు సగానికి విరిగింది. మందార ఎగిరి దాని గాజుకంట్లో ముక్కుతో పొడిచింది. కన్ను పగిలి గద్ద గుడ్డిదై, పట్టు వదిలి, మూడోదాన్ని ఢీకొట్టింది. రెండూ మోగుకుంటూ తూర్పుకు పారిపోయాయి. ఏడో సుడి పడవను ఉప్పుకోట నీడలోకి ఉమ్మేసినట్టు విసిరేసింది.

నీళ్లు నెమ్మదించాయి. దొర్కమ్మ విరిగిన తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఎదుట కూర్చున్న మనిషిని చూసింది. మాయ విప్పే దారి మందార చాలాసార్లు చెప్పింది. తల్లి పెట్టిన పేరుతో, మనిషి గొంతుతో, కళ్లలోకి చూస్తూ, మేలు కోరి పిలవాలి. రాజ్యమంతటా జనం ఆ పేరు మరిచిపోయారు. మరిచిపోనివాళ్లు వంటింట్లో తిట్టుకోవడానికి దాచుకున్నారు.

"పెంటయ్యా," అంది దొర్కమ్మ.

అతను ఎటో చూస్తున్నాడు.

"కుక్కను అదిలించినట్టుంది," అంది గోరువంక.

ఆమె ఇంకోసారి, గొంతు తగ్గించి పిలిచింది. ఏమీ కాలేదు. మా ఆయన్ని విడిపిస్తాడనే కదా పిలుస్తున్నాను, అది చాలదా అని పక్షినడిగింది.

"అది బేరం అమ్మాయ్. వాడి మేలు ఎక్కడుంది అందులో? నాకు నోరుంది గానీ మనిషి గొంతు లేదు. ఉంటే నేనైనా పిలవగలనా అంటే, ఏమో."

దొర్కమ్మ మళ్లీ ప్రయత్నించలేదు. పడవను కోట గోడ వెంట నడిపి, సముద్రం వైపున్న తూము దగ్గర రాళ్ల మాటున ఆపింది. ఖైదు గదుల్లో చేరిన నీళ్లు ఆ తూములోంచే బయటికి పోతాయి. ఇనప కమ్మీల మధ్య చెయ్యి కూడా పట్టదు. పైన బురుజు మీద కాపలావాళ్లు నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది కాబట్టి గట్టిగా పిలవడానికి లేదు. ఆమె తూము పక్క రాతికి చెంప ఆనించింది. రాయి ఉప్పగా, చల్లగా ఉంది.

మధ్యాహ్నమైంది. లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఆ సవరింపుతోనే ఆమె గుర్తుపట్టింది. ఏడేళ్లలో ఆ గొంతు సన్నబడింది, మధ్యమధ్య దగ్గు అడ్డుపడుతోంది, కానీ మాటకు ముందు ఆగే పద్ధతి అదే. ఆదివారపు ప్రార్థన చెబుతున్నాడు. గదిలో ఉన్న జబ్బుమనిషి కోసం అడిగాడు. దీపాలలంకలో పడవల కోసం, వాటిని నడిపేవాళ్ల కోసం అడిగాడు. "మా ఇంటిదాని చేతులు బలంగా ఉంచు తండ్రీ," అన్నాడు. దొర్కమ్మ విరిగిన తెడ్డును రెండు చేతులా పట్టుకుంది. పది బారల దూరం కూడా లేదు. నేనిక్కడే ఉన్నాను అని ఒక్క మాట అనడానికి లేదు.

తర్వాత అతను ఎప్పటిలాగే ఆ చోటికి వచ్చాడు.

"మా రాజు పెంటయ్యను చల్లగా చూడు. పెద్ద పేరు మోస్తున్నాడు, బరువుగా ఉండి ఉంటుంది. అతనికి నిద్ర పట్టనియ్యి."

దొర్కమ్మ తల తిప్పింది. పిచ్చివాడు తూము వైపు చూస్తున్నాడు. కళ్లు ఎర్రగా, రెప్పలు ఎండిపోయి, నాలుగు రోజులుగా ఆమె పడవలో, అంతకు ముందు ఎన్నాళ్లుగానో, నిద్రలేని మనిషి. ఆ సంగతి ఆమెకు కనిపిస్తూనే ఉంది, పట్టించుకోలేదు. తడి గోడల మధ్య ఉన్నవాడికి కనిపించింది.

ఆమె కొంగు నీళ్లలో ముంచి, అతని నుదురు, చెంపలు, ముక్కు తుడిచింది, జ్వరం వచ్చిన బిడ్డకు తుడిచినట్టు. ఏడేళ్లు బిగపట్టిన పెదవులు విడిపోయాయి.

"కాస్త నిద్రపో పెంటయ్యా," అంది. "బాగా అలిసిపోయావు."

అతను ఆవలించాడు. నోరంతా తెరిచి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా ఆవలించాడు. తర్వాత ఆమెను చూశాడు. మొదటిసారి చూశాడు. తన చేతులు చూసుకున్నాడు, కోటను చూశాడు, చుక్కాని మీద పక్షిని చూసి మందారా అన్నాడు.

లోపల ప్రార్థిస్తున్నది ఎవరని అడిగాడు. మా ఆయన అని దొర్కమ్మ చెప్పింది. ఎందుకు పట్టుకొచ్చారని అడగబోయి ఆగిపోయాడు. కారణం అతనికి తెలుసు. క్షమించమని అడగలేదు, ఆమె కూడా ఎదురుచూడలేదు. లేచి, ఈ కోట మా నాన్న కట్టించాడు అన్నాడు. ఖైదీలుండే చోటే, సముద్రపు తలుపు వెనక ఇంకో చక్రం ఉంది, దాన్ని లోపలినుంచి తిప్పితే తూము కింద సొరంగం తెరుచుకుంటుంది, ఆటు వేళ పడవ పట్టేంత దారి ఉంటుంది, ఆ సంగతి రాజులకు తప్ప తెలియదు అన్నాడు. లోపలికి ఎలా వెళతారని మందార అడిగింది. ఈ చింకిగుడ్డల్లో నేనే రాజునంటే ద్వారం దగ్గర నవ్వుతారంది.

"రాజునని చెప్పను. ఆ తలుపు వెంటనే తెరుచుకునే మాట ఒకటుంది. ఆ చట్టం చేసింది నేనే."

వెళ్లబోతూ అలవాటున చెయ్యి పక్కకు చాచాడు. చాచిన చేతిని తనే చూసుకుని, సిగ్గుపడి ముడుచుకోబోయాడు. దొర్కమ్మ తట్ట అడుగునుంచి చిన్న మూట తీసి ఆ చేతిలో పెట్టింది.

"ఆయనకియ్యి," అంది. "తడవనివ్వకు."

అతను మూటను రెండు చేతులా పట్టుకుని గోడ వెంట నడిచాడు. దొర్కమ్మ రాళ్ల మాటున కొంత దూరం వెనకే వెళ్లి చూస్తూ ఉండిపోయింది. సింహద్వారం దగ్గర ఇద్దరు కాపలావాళ్లు పాచికలాడుతున్నారు. అందులో లావుపాటివాడు తల ఎత్తకుండానే జయం చెప్పి మాట్లాడమన్నాడు.

చెప్పనన్నాడు ఆ మనిషి.

"ఏరా, సర్వలోకేశ్వరుడికి జయం చెప్పడానికి నాలుక నొప్పా?"

"ఆ పిలుపుకు తగినవాడు ఆ సింహాసనం మీద లేడు. ఇంతకు ముందూ లేడు."

పాచికలు ఆగిపోయాయి. రెండోవాడు బల్లెం తీసుకుని దగ్గరికి వచ్చి పేరడిగాడు.

"పెంటయ్య. మా అమ్మ పెట్టింది."

లావుపాటివాడు నిజంగా జాలిపడ్డాడు. పోయి పోయి ఈ పేరే దొరికిందా నీకు, రేపు పోటొస్తుంది తెలుసా అన్నాడు. మూట విప్పి రెండు తేగలు తను తీసుకుని, మిగతావి చచ్చేవాడికి ఎందుకులే అనుకుంటూనే తిరిగి చేతిలో పెట్టాడు. ఇనప తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. ఏడేళ్లుగా దొర్కమ్మ కలలో తెరుచుకున్న తలుపు, ఆమె కళ్లెదుటే ఇంకొకరి కోసం తెరుచుకుని, ఇంకొకర్ని లోపలికి తీసుకుని, మూసుకుంది.

ఆమె తిరిగి తూము దగ్గరికి వచ్చింది. కాసేపు నీళ్లు కారే చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత గొలుసులు, తలుపు, అడుగులు.

"ఎవరు బాబూ?" అన్నాడు ఆమోసు.

"పెంటయ్యను."

రాజ్యంలో ఆ పేరు గలవాడు ఒక్కడే. ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ అది తెలుసు. ఎవరో కోపంగా లేవబోయి కూర్చున్న అలికిడి అయింది.

"రండి," అన్నాడు ఆమోసు. "ఇటు వచ్చి కూర్చోండి. ఇక్కడ తడి తక్కువ."

ఆ తర్వాత మాటలు చిన్నగా అయిపోయాయి. సముద్రం వెనక్కి తగ్గుతోంది. గోడ మీద తడిగీత జానెడు కిందికి దిగింది. లోపల పటుక్కుమని తేగ విరిచిన చప్పుడు, తర్వాత నిలువునా చీల్చిన చప్పుడు వినిపించింది. తూములోంచి సన్నటి ధారగా నీళ్లు వస్తున్నాయి. ఆ ధార మీద, కమ్మీల మధ్యనుంచి, తెల్లటి చిన్న పుల్ల ఒకటి తేలుతూ వచ్చి, పడవ అంచుకు తగిలి ఆగింది.

దొర్కమ్మ వంగి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. చందమామ. ఈసారి ఏట్లో వదల్లేదు. నోట్లో పెట్టుకుంది.

తూర్పున మళ్లీ రేకుల చప్పుడు మొదలైంది, ఈసారి రెండు గద్దలది కాదు. "ఆకాశం నల్లబడుతోంది అమ్మాయ్," అంది మందార. అప్పుడే గోడ లోపల ఎక్కడో, తరాలుగా కదలని ఇనప చక్రం ఒకటి మూలిగింది. ఆగింది. రెండు జతల చేతులు పట్టుకుని తిప్పినట్టు మళ్లీ మూలిగింది. తూము కింద నీళ్లు గుండ్రంగా కదిలి, రాయి వెనక్కి జరగడం మొదలుపెట్టింది. దొర్కమ్మ విరిగిన తెడ్డు అందుకుని, పడవ ముక్కును ఆ చీకటి వైపు తిప్పింది.

— నేలపూడి సువార్తమ్మ, డెబ్బయ్యొక్క ఏళ్లు. ఇప్పుడు ఉంటున్నది నరసాపురంలో, ఏటిగట్టు పక్క వీధిలో, చెల్లెలి కూతురి ఇంట్లో.